హైబ్రిడ్ కారు ఉన్నట్టుండి మొరాయిస్తే: చిన్న బ్యాటరీకి జంప్ ఇచ్చే పద్ధతి

హొసూరులో మా తెలుగు సంఘానికి కార్యదర్శిని కాబట్టి నాకు రకరకాల ఫోన్లు వస్తుంటాయి. పెళ్ళి సంబంధాలు, పదో తరగతి పిల్లల తెలుగు పరీక్ష గొడవలు, ఉగాదికి హాలు దొరుకుతుందా లేదా అన్న వాకబులు. ఈ రెండేళ్ళుగా వాటికి తోడు ఇంకోరకం ఫోను మొదలైంది. “సార్, కారు స్టార్టు కావడం లేదు. హైబ్రిడ్ కారండీ. బానెట్ ఎత్తాలంటేనే భయంగా ఉంది.”

ఫోను చేసేవాళ్ళు ఎక్కువగా మా వయసువాళ్ళే. పిల్లలు విదేశాల్లోనో, హైదరాబాదులోనో ఉంటారు. అమ్మానాన్నలు ఆసుపత్రికి, గుడికి వెళ్ళడానికి ఉంటుందని మంచి కారు కొనిచ్చి వెళ్ళారు. అది వారానికోసారి కదిలితే గొప్ప. మా సభ్యుల్లో ఒక పెద్దావిడ భర్తకు వారానికి రెండుసార్లు డయాలసిస్. ఒకరోజు తెల్లవారుజామున కారు కదల్లేదు. ఆటోలో తీసుకెళ్ళి ఆ పూటకు గట్టెక్కారు. తర్వాత ఎవరో మెకానిక్కు వచ్చి చూసి, “హైబ్రిడ్ బ్యాటరీ పోయిందమ్మా, లక్షల్లో అవుతుంది” అన్నాడట. ఆవిడ కారు అమ్మేద్దామనుకున్నారు. నాలుగు రోజుల తర్వాత తేలిందేమిటంటే, పెద్ద బ్యాటరీ రాయిలా ఉంది. పోయింది చిన్న బ్యాటరీ, మామూలు కార్లలో ఉండేలాంటిదే. అది మార్చగానే కారు నడిచింది. ఆ నాలుగు రోజులూ ఆవిడ పడ్డ ఆందోళన ఇంకొకరు పడకూడదని ఇది రాస్తున్నాను. నేను మెకానిక్కును కాను, ముప్పై ఏళ్ళు ఫైళ్ళు రాసిన గుమాస్తాను. కాకపోతే ఈ విషయంలో ఒక తప్పు స్వయంగా చేసి, దాని మూలంగా నేర్చుకున్నవాణ్ణి. ఆ సంగతి కిందికి వస్తుంది.

రెండు బ్యాటరీలు

ఇన్నోవా హైక్రాస్, అర్బన్ క్రూజర్ హైరైడర్, గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్, హోండా సిటీ హైబ్రిడ్ వంటి కార్లలో రెండు బ్యాటరీలు ఉంటాయి. ఒకటి పెద్దది. చక్రాలను తిప్పే మోటారుకు కరెంటు ఇచ్చేది అదే. 2010లో మన దేశానికి వచ్చిన ప్రియస్‌లో దాని వోల్టేజి 201.6. నారింజ రంగు తొడుగు వేసిన లావు వైర్లన్నీ దానికి చెందినవి. వాటి జోలికి మనం పోకూడదు, అంతే.

రెండోది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. దీన్ని ఆక్సిలరీ బ్యాటరీ అంటారు. లైట్లు, తలుపుల తాళాలు, తెర, కంప్యూటర్లు అన్నీ దీనిమీదే మేలుకుంటాయి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. కారు ఆగి ఉన్నప్పుడు పెద్ద బ్యాటరీని మిగతా కారు నుంచి రిలేలు విడదీసి ఉంచుతాయి. ఆ రిలేలు కలవాలంటే ఈ చిన్న బ్యాటరీ కరెంటే కావాలి. అంటే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, చిన్నది నీరసిస్తే ఆ కరెంటు బయటికి రాదు. బీరువా నిండా డబ్బున్నా తాళంచెవి పోతే ఎలా ఉంటుందో అలా.

మామూలు పెట్రోలు కారులో 12 వోల్టుల బ్యాటరీకి అసలు బరువు సెల్ఫ్ మోటారు. ఇంజన్ను తిప్పడానికి అది ఒక్కసారిగా వందల ఆంపియర్లు లాగుతుంది. నేను చెప్పిన హైబ్రిడ్ కార్లలో ఆ సెల్ఫ్ మోటారే లేదు. ఇంజన్ను తిప్పేది పెద్ద బ్యాటరీతో నడిచే మోటారు. కాబట్టి చిన్న బ్యాటరీ నుంచి కావలసింది కంప్యూటర్లు మేలుకొని రిలేలు కలిసేంత కరెంటు మాత్రమే. జంప్ ఇవ్వడం ఇక్కడ మామూలు కారుకన్నా తేలిక అవడానికి కారణం ఇదే. పవర్ బ్యాంకులా ఉండే చిన్న జంప్ స్టార్టరు కూడా సరిపోతుంది.

ఇదే కారణంగా ఈ కార్లను తోసి స్టార్టు చేయలేం. మన కాలంలో నలుగురు కుర్రాళ్ళు వెనకనుంచి తోస్తే సెకండ్ గేరులో వదిలేవాళ్ళం. ఇక్కడ ఆ క్లచ్చూ లేదు, ఆ గేరూ లేదు. కొన్నిట్లో కరెంటు లేకపోతే ‘పీ’ నుంచి గేరు బయటికే రాదు.

సియాజ్, ఎర్టిగాల్లో వచ్చిన ‘స్మార్ట్ హైబ్రిడ్’ వేరే జాతి. వాటికి మామూలు సెల్ఫ్ మోటారు ఉంటుంది, చక్రాలను తిప్పే పెద్ద బ్యాటరీ ఉండదు. బానెట్ కింద ఉండే పాతరకం బ్యాటరీకి మామూలు కారుకు ఇచ్చినట్టే జంప్ ఇవ్వాలి. సీటు కింద ఉండే లిథియం బ్యాటరీని ముట్టుకోకూడదు.

పోయింది చిన్న బ్యాటరీయేనా?

ముందు ఇది తేల్చుకోండి. తాళంచెవి జేబులో ఉన్నా తలుపు తెరుచుకోదు, లేదా తెరుచుకున్నా లోపలి లైటు మిణుకుమిణుకుమంటుంది. బటన్ నొక్కితే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగి ఆరిపోతాయి, లేదా ఏమీ వెలగదు. ‘రెడీ’ అన్న దీపం మాత్రం రాదు. సెల్ఫ్ మోటారు లేదు కాబట్టి మనకు అలవాటైన ఆ ‘కటకట’ చప్పుడు కూడా వినపడదు. ఇవన్నీ చిన్న బ్యాటరీ నీరసించిందనడానికి గుర్తులు.

హెడ్‌లైట్లు మామూలుగా వెలుగుతున్నాయి, హారన్ గట్టిగా మోగుతోంది, కారు మాత్రం తాళంచెవిని గుర్తుపట్టడం లేదు అంటే తప్పు బ్యాటరీది కాదు, తాళంచెవిలోని బిళ్ళ సెల్లుది. తాళంచెవిని బటన్‌కు ఆనించి పట్టుకొని, బ్రేకు తొక్కి నొక్కి చూడండి. చాలా కార్లు అలా మేలుకుంటాయి. బిళ్ళ మారిస్తే సరి.

ఇంట్లో మల్టీమీటరు ఉంటే ఇంకా నయం. కారు ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు, ఆ పైన ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 దగ్గర ఉంటే సగం. 12 కన్నా దిగితే జంప్ అవసరం పడే రోజు దగ్గరికొచ్చినట్టే.

జంప్ ఇచ్చే పద్ధతి

చిన్న బ్యాటరీ ఎక్కడుందన్నది కారును బట్టి మారుతుంది. కొన్నిట్లో బానెట్ కింద, కొన్నిట్లో డిక్కీలో, ఇంకొన్నిట్లో సీటు దగ్గర. ఆ ప్రియస్‌లో డిక్కీలో ఒక పక్కన ఉంటుంది. డిక్కీ తెరవడానికి కరెంటు కావాలి, కరెంటు కోసం డిక్కీ తెరవాలి! అందుకే తయారీదారులు బానెట్ కింద ఫ్యూజుల పెట్టెలో ఎర్రమూత వేసిన ప్లస్ టెర్మినల్ ఒకటి ఏర్పాటు చేశారు. జంప్ అక్కడ ఇస్తే చాలు. మీ కారులో అది ఎక్కడుందో యజమాని పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది. కారు బాగున్న రోజునే ఆ పేజీని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. పుస్తకం డ్యాష్‌బోర్డు అరలో ఉంటుంది, కారుకు తాళం పడి ఉంటుంది.

తలుపు తెరుచుకోకపోతే కంగారు వద్దు. స్మార్ట్ తాళంచెవి లోపలే ఒక ఇనుప తాళంచెవి దాగి ఉంటుంది. దాంతో డ్రైవరు తలుపు తెరవవచ్చు. బానెట్ మీట తీగతో పనిచేస్తుంది, దానికి కరెంటుతో పని లేదు.

జంప్ ఇచ్చే బండి 12 వోల్టులదే అయి ఉండాలి. లారీలు, బస్సులు చాలావరకు 24 వోల్టులవి. సాయం చేస్తానని లారీ డ్రైవరు ఎంత మంచి మనసుతో అన్నా దండం పెట్టి వద్దనండి. రెండు బండ్లూ ఒకదానికొకటి తగలకుండా దగ్గరగా నిలపండి. మీ కారు ‘పీ’లో ఉందో లేదో, హ్యాండు బ్రేకు పడి ఉందో లేదో చూడండి. ఏసీ, లైట్లు, ఫోను ఛార్జరు అన్నీ ఆపండి. బీడీ, సిగరెట్ దగ్గరికి రానివ్వొద్దు. కర్పూరం, అగరొత్తులు కూడా. కారుకు దిష్టి తగిలిందని బానెట్ ముందు కర్పూరం వెలిగించినవారిని నేను చూశాను. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు రావచ్చు, ఒక్క నిప్పురవ్వకే అంటుకుంటుంది.

ఇక వైర్ల వరస. ఎర్రవైరు ఒక చివర మీ కారు ప్లస్ టెర్మినల్‌కు. రెండో చివర సాయం చేసే బండి బ్యాటరీ ప్లస్‌కు. నల్లవైరు ఒక చివర ఆ బండి బ్యాటరీ మైనస్‌కు. ఆఖరి క్లిప్పు, అంటే నల్లవైరు రెండో చివర, మీ కారు బ్యాటరీకి కాదు. బ్యాటరీకి దూరంగా, తిరిగే భాగాలకు దూరంగా, రంగు వేయని గట్టి లోహపు చోటికి తగిలించాలి. చివరి క్లిప్పు దగ్గర చిన్న నిప్పురవ్వ ఎగరడం మామూలే. అది బ్యాటరీ పక్కన ఎగరకూడదనే ఈ ఏర్పాటు.

ఇప్పుడు నా తప్పు సంగతి. అమ్మాయి, అల్లుడుగారు పిల్లలతో విదేశం వెళ్తూ వాళ్ళ కారు మా ఇంట్లో పెట్టి వెళ్ళారు. ఐదు వారాలు. మధ్యలో ఆయుధపూజ వచ్చింది. ఇక్కడ ఆయుధపూజంటే మాటలు కాదు, అరటి పిలకలు, గుమ్మడికాయ, నిమ్మకాయలు. తలుపులు బార్లా తెరిచి, లైట్లు వేసి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా పాటలు పెట్టాం. ఆ తర్వాత కారును పట్టించుకోలేదు. వాళ్ళు వచ్చే రోజు బెంగళూరు విమానాశ్రయానికి బయలుదేరదామని తెల్లవారుజామున మూడింటికి బటన్ నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. పక్కింటివారిని నిద్రలేపి వాళ్ళ కారు తెచ్చాం. నా దగ్గర ఎప్పుడో కొన్న చవక జంపర్ వైర్లు. చీకట్లో, రంగు వెలిసిన క్లిప్పులతో, ప్లస్‌కు మైనస్ తగిలించాను. ‘టప్’మని ఒక్క చప్పుడు. అంతే. పెద్ద ఫ్యూజు పోయింది. వాళ్ళు ట్యాక్సీలో ఇంటికొచ్చారు, కారు బండిమీదెక్కి సర్వీసు సెంటరుకు వెళ్ళింది. ఎంత ఖర్చయిందో రాయను. అల్లుడుగారు “ఫర్వాలేదు మామయ్యా” అన్నారు. ఆ మాటకన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

ఫ్యూజుతో పోవడం నా అదృష్టమని సర్వీసు సెంటరువారు చెప్పారు. హైబ్రిడ్‌లో ప్లస్, మైనస్ తారుమారైతే చిన్న బ్యాటరీని ఛార్జ్ చేసే కన్వర్టరు, కంప్యూటర్లు కూడా దెబ్బతినవచ్చు. కాబట్టి టార్చిలైటు లేనిదే వైరు చేత పట్టుకోవద్దు. రంగును నమ్మవద్దు, గుర్తును చదవండి. ఒకరు తగిలిస్తుంటే ఇంకొకరు పైకి చదవాలి. ఇద్దరూ ఒప్పుకున్నాకే తర్వాతి క్లిప్పు.

వైర్లు సరిగ్గా పడ్డాక సాయం చేసే బండి ఇంజన్ స్టార్టు చేసి, యాక్సిలరేటరు కొంచెం తొక్కి సుమారు 5 నిమిషాలు అలా ఉంచాలి. తొందరపడవద్దు, ఆ 5 నిమిషాల్లో చిన్న బ్యాటరీకి కాస్త ప్రాణం వస్తుంది. తర్వాత మీ కారు తలుపు ఒకసారి తెరిచి మూయండి. ఇది చాదస్తం కాదు, కంప్యూటరును నిద్రలేపడానికి టొయోటా పుస్తకాల్లో రాసిన మాటే. ఇప్పుడు బ్రేకు గట్టిగా తొక్కి బటన్ నొక్కండి. బ్రేకు పెడల్ మామూలుకన్నా గట్టిగా అనిపించవచ్చు, బలంగా తొక్కండి. ‘రెడీ’ దీపం వెలిగితే పని అయినట్టే.

ఇక్కడ చాలామంది పొరబడతారు. రెడీ వెలిగినా ఇంజన్ చప్పుడు రాకపోవచ్చు. పెద్ద బ్యాటరీలో ఛార్జ్ ఉంటే ఇంజన్ అవసరం లేదని కారే నిర్ణయించుకుంటుంది. చప్పుడు లేదని మళ్ళీ బటన్ నొక్కితే కారు ఆగిపోతుంది, మీరు మొదటికి వస్తారు. చెవిని కాదు, రెడీ దీపాన్ని నమ్మండి.

వైర్లు తీసేటప్పుడు వరస తలకిందులు. ముందు మీ కారు లోహానికి తగిలించిన నల్లక్లిప్పు, తర్వాత ఆ బండి మైనస్, ఆ బండి ప్లస్, చివరికి మీ ప్లస్. ఎర్రమూత మళ్ళీ బిగించడం మరవొద్దు.

అన్నీ సరిగ్గా చేసినా, రెండోసారి ప్రయత్నించినా రెడీ రాకపోతే ఇక ఆపేయండి. అది వేరే జబ్బు, సర్వీసు సెంటరుకు ఫోను చేయాలి. బండిని కట్టి లాగించవద్దు, నాలుగు చక్రాలూ పైకెక్కే వాహనం అడగండి. జాతీయ రహదారి మీద ఇలా జరిగితే 1033కు ఫోను చేయవచ్చు. బీమా పాలసీలో దారిలో సాయం అందించే సదుపాయం ఉందో లేదో ముందే చూసిపెట్టుకోండి. చాలామందికి ఉండి కూడా తెలియదు.

మెకానిక్కుతో భాష కుదరని చోట ఒక్క ముక్క చెబితే చాలు. తమిళంలోనూ ‘చిన్న బ్యాటరీ’యే, మాట మార్చనక్కరలేదు. కన్నడంలో ‘చిక్క బ్యాటరీ’, మరాఠీలో ‘ఛోటీ బ్యాటరీ’, ఒడియాలో ‘ఛోట బ్యాటరీ’. ముందు దాన్ని కొలిచి వోల్టులు ఎన్నో చెప్పమనండి. కొలవకుండా పెద్ద బ్యాటరీ పోయిందన్నవారి మాట వినవద్దు.

మీ హైబ్రిడ్ కారుతో ఇంకొకరి బండికి జంప్ ఇవ్వవచ్చా అని అడుగుతుంటారు. నా మాట: ఇవ్వకండి. వాళ్ళ సెల్ఫ్ మోటారు లాగే వందల ఆంపియర్లకు మన చిన్న బ్యాటరీ, కన్వర్టరు తయారైనవి కావు. పక్కింటివారు అడిగితే కాదనడం మొహమాటమే. వేరే బండిని పిలిపించి పెట్టండి, స్నేహం నిలుస్తుంది.

జంప్ తర్వాత, మళ్ళీ జంప్ అవసరం రాకుండా

రెడీలోకి వచ్చాక వెంటనే ఆపకండి. కనీసం గంటసేపు నడపండి, లేదా రెడీలోనే ఉంచండి. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ ఒక్క గంటలో నిండదు. ఆ రోజే ఛార్జరు పెట్టించడం మేలు. రెడీలో ఉన్నప్పుడు చిన్న బ్యాటరీ దగ్గర కొలిస్తే సుమారు 14 వోల్టులు కనిపించాలి. అంటే పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదానికి ఛార్జ్ అందుతున్నట్టు. మూసిన గ్యారేజీలో మాత్రం రెడీలో వదలకండి. ఇంజన్ దానంతటదే మొదలవుతుంది, ఆ పొగ ప్రాణం తీస్తుంది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. బ్రేకు తొక్కకుండా బటన్ నొక్కితే తెర వెలుగుతుంది, పాటలు వస్తాయి, కారు నడుస్తున్నట్టే ఉంటుంది. కానీ అప్పుడు చిన్న బ్యాటరీ ఖర్చవుతుందే తప్ప నిండదు. మా ఆయుధపూజలో జరిగింది ఇదే. “వారంవారం కారు ఆన్ చేసి పది నిమిషాలు ఉంచుతున్నానండీ” అన్నవారిలో కొందరు ఇలాగే చేస్తున్నారని విచారిస్తే తేలింది. బ్యాటరీ బాగుండాలని రోజూ కొంచెం కొంచెం తాగేస్తున్నారన్నమాట. బ్రేకు తొక్కాలి, రెడీ దీపం రావాలి, గేరు ‘పీ’లో ఉండాలి. ‘ఎన్’లో పెట్టి వదిలితే పెద్ద బ్యాటరీకి ఛార్జ్ ఎక్కదు. వారానికోసారి అరగంటో గంటో అలా ఉంచితే చాలు. ఊళ్ళో ఒక చుట్టు తిప్పితే ఇంకా మంచిది, టైర్లకూ బ్రేకులకూ కూడా.

నిద్రపోతున్న కారు కూడా కొంచెం కరెంటు తింటూనే ఉంటుంది. అది 30 మిల్లీ ఆంపియర్లనుకుందాం. రోజుకు 0.72 ఆంపియర్ గంటలు, నెలకు దాదాపు 22. 45 ఆంపియర్ గంటల బ్యాటరీలో సగం అక్కడే పోయింది. బ్యాటరీ పాతదైతే నెల కూడా ఆగదు. విడిగా వైరు లాగి పెట్టించిన డ్యాష్ కెమెరా ఉంటే లెక్క ఇంకా తొందరగా తేలిపోతుంది.

తాళంచెవి తగిలించే మేకు ఎక్కడుందో కూడా చూసుకోండి. మా ఇంట్లో అది వీధి గుమ్మం పక్కన క్యాలెండరు కింద, గోడకు అవతల కారు. తాళంచెవి దగ్గర్లో ఉందని కారు మాటిమాటికీ మేలుకుంటుంది. రెండు మీటర్లకు మించిన దూరంలో, అంటే లోపలి గదిలో పెట్టండి.

నెలా రెండు నెలలు ఊరు వెళ్తుంటే, నమ్మకమైనవారికి రెడీ దీపం సంగతి చేసి చూపించి తాళంచెవి ఇచ్చి వెళ్ళండి. లేదా మెకానిక్కు చేత చిన్న బ్యాటరీ మైనస్ విప్పించండి. బ్యాటరీ డిక్కీలో ఉండి, డిక్కీ తాళం కరెంటుదైతే తిరిగి ఎలా తెరవాలో ముందే అడిగి తెలుసుకోండి. మళ్ళీ తగిలించాక గడియారం, కిటికీ అద్దాల ఆటోమేటిక్ మీట సరిచేసుకోవలసి రావచ్చు.

ఈ బ్యాటరీకి మూడు నుంచి ఐదేళ్ళ ఆయుష్షు అనుకోవాలి. మార్చేటప్పుడు పాతది ఏ రకమో అదే రకం వేయించండి. డిక్కీలో, సీటు దగ్గర ఉండే బ్యాటరీల నుంచి వాయువు బయటికి పోవడానికి సన్నని గొట్టం ఉంటుంది. చవకగా వస్తుందని అది లేని మామూలు బ్యాటరీ పెట్టించుకుంటే ఆ వాయువు మనం కూర్చునే చోటికే వస్తుంది. ఏజీఎం రకమైతే నీళ్ళు పోయడం ఉండదు, మూత తెరిచే ప్రయత్నం చేయకండి.

మా సంఘం ఆఫీసులో ఇప్పుడు ఒక జత మంచి జంపర్ వైర్లు, ఒక జంప్ స్టార్టరు, టార్చిలైటు పెట్టాం. వైర్ల మీద ప్లస్, మైనస్ గుర్తులు తెలుగులో పెద్దక్షరాలతో రాసి అంటించింది మా అల్లుడుగారు. వాడుకున్నవారు జంప్ స్టార్టరు ఛార్జ్ చేసి తిరిగివ్వాలి. రిజిస్టరులో సంతకం మామూలే.